సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డ్ మొరాయిస్తోందా? తప్పు కార్డ్‌దో కాదో ఇలా తేల్చుకోండి

సెకండ్ హ్యాండ్‌లో కొన్న గ్రాఫిక్స్ కార్డ్ కొన్నాళ్లు బాగానే నడిచి, ఒక రోజు గేమ్ మధ్యలో స్క్రీన్ నల్లబడిపోతే ఎవరికైనా ముందు వచ్చే ఆలోచన "మోసపోయాను" అనే. నిజమే కావచ్చు. కానీ కేబుల్, ఎస్ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే పెట్టె), యూపీఎస్, డ్రైవర్ (కార్డ్‌ని విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్)... ఇవి బాగున్నాయని తేలేదాకా కార్డ్ మీద నేరం మోపకండి. అమ్మినవాడితో మాట్లాడాలన్నా, రిపేర్‌కి ఇవ్వాలన్నా "ఏదో తేడాగా ఉందండీ" అంటే ఎవరూ పట్టించుకోరు. "ఆన్ చేయగానే, విండోస్ కంటే ముందు వచ్చే బయోస్ స్క్రీన్ మీదే గళ్లు వస్తున్నాయి, వేరే సిస్టమ్‌లో పెట్టినా వస్తున్నాయి" అంటే అవతలివాడు నోరు మూసుకుని వినాల్సిందే.

ఉదాహరణకి ఏఎండీ ఆర్ఎక్స్ 580, 8 జీబీ కార్డ్ తీసుకుందాం. 2017 ఏప్రిల్‌లో వచ్చిన కార్డ్ ఇది. ఎథీరియం అనే డిజిటల్ కరెన్సీని సంపాదించే మైనింగ్‌లో విపరీతంగా వాడారు. 2022 సెప్టెంబర్ 15న ఎథీరియం పద్ధతి మారిపోయి గ్రాఫిక్స్ కార్డ్‌లతో మైనింగ్ ఆగిపోయింది. ఆ పనిలో ఉన్న కార్డ్‌లు దుమ్ము దులుపుకుని మార్కెట్లోకి వచ్చాయి. మీ దగ్గర ఎన్విడియా కార్డ్ ఉన్నా పద్ధతి ఒకటే. తేడా ఉన్నచోట చెబుతాను.

మొదలుపెట్టే ముందు రెండు పనులు. ఒకటి, టెస్టింగ్ వారంటీ (పరీక్షించి చూసుకోవడానికి అమ్మినవాడు ఇచ్చిన గడువు) ఎప్పటిదాకా ఉందో చూసుకోండి. రేపటితో అయిపోతుంటే ఈ రోజే ఫోన్ చేసి సమస్య ఉందని వాట్సాప్‌లో రాతపూర్వకంగా పెట్టేయండి, పరీక్షలు తర్వాత. రెండోది, ఒకసారికి ఒక్కటే మార్చండి. కేబుల్, డ్రైవర్, ర్యామ్ మూడూ ఒకేసారి మార్చి బాగైతే, దేనివల్ల బాగైందో తెలియదు. వారం తర్వాత మళ్లీ వస్తే మొదటికొస్తారు.

సమస్య ఏ సమయంలో బయటపడుతోంది?

క్యాబినెట్ తెరవక ముందే సగం సమాధానం ఇక్కడ దొరుకుతుంది.

పవర్ బటన్ నొక్కగానే ఏమీ రాకపోతే, అంటే ఫ్యాన్‌లు తిరుగుతున్నాయి కానీ డిస్‌ప్లే లేదు, మదర్‌బోర్డ్‌ని చూడండి. ఈ మధ్య బోర్డ్‌ల మీద సీపీయూ, డ్రామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్‌లు ఉంటాయి. వీజీఏ లైట్ దగ్గర ఆగిపోతే కార్డ్ అందడం లేదని అర్థం. డ్రామ్ దగ్గర ఆగితే ర్యామ్ తీసి మళ్లీ పెట్టండి, కార్డ్ జోలికి పోవద్దు. స్పీకర్ ఉన్న పాత బోర్డ్‌లైతే బీప్‌లు వినండి. అవార్డ్ బయోస్‌లో ఒక పొడుగు బీప్, రెండు పొట్టి బీప్‌లు వస్తే వీడియో సమస్య.

కంపెనీ లోగో, బయోస్ స్క్రీన్ మీదే చెత్త కనిపిస్తోందా? ఇది ముఖ్యం, కాస్త ఆగి చూడండి. తెల్ల అక్షరాల మధ్య గులాబీ, ఆకుపచ్చ చుక్కలు వరసలు కట్టి ఉంటాయి. లోగో మీద సమాన దూరంలో నిలువు గీతలు పడతాయి. కొన్ని అక్షరాల బదులు వేరే గుర్తులు ఉంటాయి. ఆఫ్ చేసి ఆన్ చేసినా దాదాపు అదే చోట, అదే అమరికలో వస్తాయి. ఆ సమయానికి విండోస్ లేదు, డ్రైవర్ లేదు. కాబట్టి ఫార్మాట్ కొట్టి లాభం లేదు. వీడియో మెమరీ గానీ, చిప్ గానీ, చిప్ కింద టంకం గానీ దెబ్బతిన్నట్టే. మానిటర్, కేబుల్ బాగున్నాయని తేల్చుకుంటే చాలు, మీ వెతుకులాట ఇక్కడికే అయిపోయింది.

విండోస్ లోగో దాకా బాగుండి, లాగిన్ వచ్చే ముందు నల్లబడితే డ్రైవర్ లోడ్ అయిన క్షణం అది. ఎవరో మార్చేసిన కార్డ్ బయోస్ (దీని సంగతి కింద చెబుతాను), పాత డ్రైవర్ అవశేషాలు, బలహీనపడిన మెమరీ, మూడింటికీ అవకాశం ఉంది.

పది పదిహేను నిమిషాల గేమ్ తర్వాత వస్తే వేడి లేదా కరెంటు. ఏ పనీ చేయకుండా డెస్క్‌టాప్ మీద ఉన్నప్పుడు ఎప్పుడు పడితే అప్పుడు వస్తే మాత్రం చెప్పడం కష్టం. దానికి కింద ఉన్న పరీక్షలన్నీ వరసగా చేయాల్సిందే.

ముందు ఖర్చు లేనివి

మానిటర్ కేబుల్ కార్డ్‌కి పెట్టారా, మదర్‌బోర్డ్‌కి పెట్టారా? నవ్వకండి, అనుభవం ఉన్నవాళ్లు కూడా హడావిడిలో పైనున్న హెచ్‌డీఎంఐ పోర్ట్‌లో గుచ్చేస్తారు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అని ఉంటే దాంట్లో సొంత గ్రాఫిక్స్ ఉండదు, ఆ పోర్ట్‌లో ఎప్పటికీ ఏమీ రాదు.

కార్డ్ వెనక ఉన్న ప్రతి పోర్ట్‌నీ ప్రయత్నించండి. ఒక్క డిస్‌ప్లే పోర్ట్ మాత్రమే చచ్చి, మిగతావి బాగుండటం మామూలే. కేబుల్ మార్చండి. వీలైతే ఇంట్లో టీవీకి పెట్టి చూడండి.

స్క్రీన్ మీద గీతలు వస్తుంటే రెండు చిన్న పరీక్షలున్నాయి. గీతలు ఉన్నప్పుడు మానిటర్ బటన్ నొక్కి దాని సొంత మెనూ తెరవండి. ఆ మెనూ మీదుగా కూడా గీతలు పోతుంటే తప్పు మానిటర్‌ది. రెండోది, గీతలు కనిపిస్తుండగా స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కి పంపుకోండి. ఫోన్‌లో కూడా గీతలు ఉంటే అవి కార్డ్ లోపలే పుడుతున్నాయి. ఫోన్‌లో బొమ్మ శుభ్రంగా ఉంటే కేబుల్, పోర్ట్, మానిటర్ వైపు వెతకండి. ఈ స్క్రీన్‌షాట్ దాచుకోండి, అమ్మినవాడికి చూపించడానికి పనికొస్తుంది.

కార్డ్ బయటికి తీసి వెలుతురులో చూడండి

గోడ దగ్గర స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని ఆ తర్వాత పని మొదలుపెట్టండి. స్లాట్ చివర చిన్న లాక్ ఉంటుంది. అది నొక్కకుండా కార్డ్ లాగితే స్లాటే ఊడొస్తుంది.

పగటి వెలుతురులో కార్డ్‌ని తిరగేసి, బంగారు రంగు కాంటాక్ట్‌ల నుంచి మొదలుపెట్టండి. నల్లబడ్డాయా, మరకలున్నాయా? కాంటాక్ట్‌లకి కాస్త పైన వరసగా ఆవగింజ కంటే చిన్న కెపాసిటర్‌లు ఉంటాయి. వాటిలో ఒకటి ఊడిపోయి, ఆ చోట రెండు మెరిసే టంకం మచ్చలు మాత్రమే మిగిలి ఉండొచ్చు. స్లాట్‌లోకి అడ్డదిడ్డంగా తోసినప్పుడు ఇలా అవుతుంది. అయితే కంపెనీయే కొన్ని చోట్లు ఖాళీగా వదిలేస్తుంది కూడా. ఖాళీ చోట టంకం చదునుగా, నునుపుగా ఉంటే అది కంపెనీ వదిలింది. గరుకుగా, చిరిగినట్టు ఉంటే ఊడిపోయింది. ఫోన్ కెమెరా జూమ్ చేసి చూస్తే స్పష్టంగా తెలుస్తుంది.

తర్వాత లాక్ పట్టుకునే కొక్కెం పక్కన చూడండి. బరువైన కార్డ్‌లు ఆసరా లేకుండా ఏళ్ల తరబడి వేలాడితే బోర్డ్ అక్కడే వెంట్రుకంత పగులు ఇస్తుంది. పగులు ఉంటే వారంటీ మాట మాట్లాడండి, మిగతా పరీక్షలు అనవసరం.

స్క్రూ మీద స్టిక్కర్ చిరిగి ఉంటే కార్డ్ విప్పారన్నమాట. విప్పడం నేరం కాదు, చిప్ వేడిని లాగే పేస్ట్ మార్చి ఉండొచ్చు. కానీ అమ్మేటప్పుడు "ఎప్పుడూ విప్పలేదు" అని చెప్పి ఉంటే ఆయన మిగతా మాటల్ని కూడా అంతే నమ్మండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం దగ్గరి ఊళ్ల నుంచి వచ్చిన కార్డ్ అయితే బ్రాకెట్ మీద తుప్పు, టంకం మీద ఆకుపచ్చ పొడి ఉన్నాయేమో చూడండి. చిప్ చుట్టూ నూనె జిడ్డు కనిపిస్తే భయపడొద్దు. అది థర్మల్ ప్యాడ్‌ల (చిప్‌ల వేడిని హీట్‌సింక్‌కి చేరవేసే మెత్తటి ముక్కలు) నుంచి కారేదే, కార్డ్‌కి దానివల్ల హాని లేదు.

ఫ్యాన్‌ని వేలితో నెమ్మదిగా తిప్పండి. గరగరమన్నా, పక్కకి ఊగినా బేరింగ్ అయిపోయింది. మైనింగ్ కార్డ్‌లలో చిప్ కంటే ముందు పోయేది ఫ్యానే. ఇది మార్చుకుంటే సరిపోయే విషయం. ఇక డెస్క్‌టాప్ మీద ఉన్నప్పుడు ఫ్యాన్ తిరగడం లేదని చాలామంది టెన్షన్ పడతారు. చాలా కార్డ్‌లలో వేడి ఎక్కేదాకా ఫ్యాన్‌లు ఆగే ఉంటాయి, అలాగే తయారుచేశారు.

కాంటాక్ట్‌లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పీచు రాలని గుడ్డతో తుడవండి. రిపేర్ షాపుల్లో రబ్బర్‌తో రుద్దుతారు. పని అవుతుంది గానీ ఆ పొడి స్లాట్‌లో పడితే కొత్త తలనొప్పి. ఆరాక స్లాట్‌లో పెట్టి, లాక్ టక్కుమనేదాకా నొక్కండి. సమస్య ఇంతటితో పోతే సంతోషం.

కరెంటు సంగతి

నా అనుభవంలో "కార్డ్ పోయింది" అని తెచ్చిన వాటిలో కార్డ్ బాగుండి, కరెంటు చాలక పడిపోయినవి తక్కువేమీ కాదు. అందుకే ఈ భాగాన్ని తొందరగా దాటేయొద్దు.

ఆర్ఎక్స్ 580 కి ఏఎండీ చెప్పిన లెక్క 185 వాట్లు. స్లాట్ నుంచి గరిష్టంగా 75 వాట్లు వస్తాయి. 6 పిన్నుల కేబుల్ ఇంకో 75, 8 పిన్నులదైతే 150 ఇస్తుంది. ఇప్పుడు మీ ఎస్ఎంపీఎస్ మీద స్టిక్కర్ చూడండి. పెద్ద అక్షరాల్లో రాసిన 450, 500 వాట్లని నమ్మకండి. ప్లస్ 12 వోల్ట్‌ల గడిలో ఎన్ని యాంపియర్‌లు రాశారో చూసి 12తో గుణించండి. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే వాటిలో 18 యాంపియర్‌లు రాసి ఉంటే 216 వాట్లే. అందులోంచి ప్రాసెసర్, మదర్‌బోర్డ్, ఫ్యాన్‌లు కూడా తాగాలి. కార్డ్‌కి మిగిలేది ఎంతో మీరే లెక్కేసుకోండి.

అలాంటి చౌక ఎస్ఎంపీఎస్‌లకి గ్రాఫిక్స్ కార్డ్ కేబుల్ ఉండదు కాబట్టి జనం కన్వర్టర్ కొంటారు. సాటా (హార్డ్ డిస్క్‌కి కరెంటు ఇచ్చే కనెక్టర్) నుంచి 8 పిన్నులకి మార్చే కన్వర్టర్ అయితే వెంటనే తీసేయండి. సాటా కనెక్టర్‌లో 12 వోల్ట్‌ల పిన్నులు మూడే. ఒక్కోటి 1.5 యాంపియర్‌ల చొప్పున మొత్తం 54 వాట్లకి తయారైంది. దాని మీద 150 వాట్లు లాగితే కరిగిపోతుంది. ఒకసారి మా తమ్ముడి స్నేహితుడు ఇలాంటి సిస్టమే తెచ్చాడు. గేమ్ మొదలైన కాసేపటికి స్క్రీన్ నల్లబడి, కార్డ్ ఫ్యాన్‌లు హోరుమని తిరిగేవి. ఆయనైతే కార్డ్ అమ్మినవాడితో గొడవ కూడా పెట్టుకున్నాడు. కన్వర్టర్ పీకి చూస్తే పసుపు వైరు దిగే చోట తెల్ల ప్లాస్టిక్ గోధుమ రంగులోకి తిరిగి, పిన్ను పక్కకి ఒరిగి ఉంది. ముక్కు దగ్గర పెడితే మాడు వాసన. సరైన కేబుల్ ఉన్న ఎస్ఎంపీఎస్ పెట్టాక ఆ కార్డ్ మళ్లీ పేచీ పెట్టలేదు.

ఇక యూపీఎస్. మన ఇళ్లలో డెస్క్‌టాప్‌కి ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్ల వరకే. పాత బ్యాటరీతో ఉన్నప్పుడు కరెంటు ఒక్క క్షణం ఊగినా, గేమ్ లోడ్ మీద అది నిలబడలేదు. సిస్టమ్ ఠక్కున ఆరిపోతుంది. కాబట్టి ఒక రోజు యూపీఎస్ పక్కన పెట్టి నేరుగా గోడ సాకెట్‌కి పెట్టి ఆడి చూడండి.

లక్షణాల తేడా ఇలా ఉంటుంది. సిస్టమ్ మొత్తం రీస్టార్ట్ అయినా, ఆరిపోయినా ముందు కరెంటుని అనుమానించండి. స్క్రీన్ మాత్రమే పోయి, పాట వినిపిస్తూనే ఉంటే ముందు కార్డ్‌ని, డ్రైవర్‌ని అనుమానించండి. ఇది సూచన మాత్రమే, తీర్పు కాదు. కార్డ్ మీద షార్ట్ ఉన్నా ఎస్ఎంపీఎస్ తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది.

మల్టీమీటర్ ఉంటే ఖాళీగా వేలాడుతున్న నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టర్‌లో పసుపు, నలుపు వైర్‌ల మధ్య వోల్టేజ్ చూడండి. గేమ్ నడుస్తున్నప్పుడు 11.4 కంటే కిందికి పోతే ఎస్ఎంపీఎస్ మార్చాల్సిందే. ఎస్ఎంపీఎస్‌ని మాత్రం విప్పకండి. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్ షాక్ కొడుతుంది.

అది నిజంగా మీరు కొన్న కార్డేనా?

జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరవండి. అసలు ఆర్ఎక్స్ 580 అయితే షేడర్‌లు (చిప్‌లో బొమ్మని లెక్కకట్టే చిన్న భాగాలు) 2304 ఉండాలి. 2048 కనిపిస్తే అది 2048ఎస్‌పీ అనే తక్కువ రకం. నకిలీ కాదు, కానీ ధర తక్కువ ఉండాలి. జీటీఎక్స్ 1060 లోనూ ఇంతే, 6 జీబీ దానిలో 1280 ఉంటే 3 జీబీ దానిలో 1152. జీటీఎక్స్ 1050 టీఐ పేరుతో అసలు జీటీఎస్ 450 చిప్ పెట్టి అమ్మిన కార్డ్‌లు కూడా ఉన్నాయి. అలాంటివి కనిపిస్తే జీపీయూ-జెడ్ పేరు ముందే ఫేక్ అని చూపిస్తుంది. డ్రైవర్ వేయగానే క్రాష్ అయ్యే "కొత్త కార్డ్" వెనక ఒక్కోసారి ఇదే ఉంటుంది.

అదే విండోలో బస్ ఇంటర్‌ఫేస్ గడి చూడండి. పక్కనున్న ప్రశ్న గుర్తు నొక్కి చిన్న పరీక్ష నడిపితే కార్డ్ మేల్కొంటుంది. ఆర్ఎక్స్ 580 అప్పుడు ఎక్స్16 (అంటే మదర్‌బోర్డ్‌తో పదహారు దారులు) చూపించాలి. ఎక్స్8, ఎక్స్1 అని వస్తే కాంటాక్ట్ సరిగా లేదు, లేదా కింది స్లాట్‌లో పెట్టారు. ఆర్ఎక్స్ 6600 లాంటివి పుట్టుకతోనే ఎక్స్8, వాటిని చూసి కంగారు పడొద్దు.

మైనింగ్ చేసినవాళ్లు మెమరీ వేగం కోసం కార్డ్ బయోస్‌ని (కార్డ్‌ని నడిపే లోపలి ప్రోగ్రామ్) మార్చేవారు. దాన్ని అసలు స్థితికి తేకుండానే అమ్మేస్తే డ్రైవర్ దాన్ని ఒప్పుకోదు. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో కోడ్ 43 వస్తుంది, లేదా డ్రైవర్ వేయగానే స్క్రీన్ నల్లబడుతుంది. కార్డ్ అంచున చిన్న స్విచ్ ఉంటే రెండో బయోస్ ఉన్నట్టు. సిస్టమ్ ఆపి, స్విచ్ అటు జరిపి చూడండి. చాలాసార్లు మైనింగ్ బయోస్ ఒక వైపు, కంపెనీది ఇంకో వైపు ఉంటాయి. స్విచ్ లేకపోతే టెక్‌పవర్‌అప్ సైట్‌లో అసలు బయోస్‌లు దొరుకుతాయి. కానీ కంపెనీ, మోడల్, మెమరీ తయారీదారు మూడూ సరిపోవాలి. శామ్‌సంగ్ మెమరీ కార్డ్‌కి హైనిక్స్ బయోస్ ఎక్కిస్తే ఉన్నది కూడా పోతుంది. ముందుగా ఇప్పుడున్న బయోస్‌ని జీపీయూ-జెడ్‌తో సేవ్ చేసుకోండి. ఇంకా టెస్టింగ్ వారంటీ ఉంటే మాత్రం ఈ పని మీరు చేయకండి, అమ్మినవాడి చేతే చేయించండి.

డ్రైవర్ శుభ్రం చేయడం

ఇంటర్నెట్ తీసేయండి, లేకపోతే మధ్యలో విండోస్ తనకు తోచిన డ్రైవర్ వేసేస్తుంది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డీడీయూ అనే ప్రోగ్రామ్‌తో పాత డ్రైవర్‌లన్నీ తుడిచేయండి. రీస్టార్ట్ చేసి, ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న డ్రైవర్ వేయండి. జీటీఎక్స్ 900, 1000 సిరీస్ వాళ్లు గమనించాలి. ఎన్విడియా ఆ తరం కార్డ్‌లకి 580 వరస డ్రైవర్‌లతోనే గేమ్ రెడీ మద్దతు ఆపేసింది. అంతకంటే కొత్తది వేయబోతే ఇన్‌స్టాల్ కాదు. అది కార్డ్ లోపం కాదు.

డ్రైవర్ లేకుండా, విండోస్ మామూలు డిస్‌ప్లే మీద గంటసేపు ఏ ఇబ్బందీ లేకుండా ఉండి, డ్రైవర్ వేయగానే మళ్లీ మొదలైతే నోట్ చేసుకోండి. అప్పుడు ఉబుంటుని పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడండి. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, ట్రై అని నొక్కితే చాలు. అక్కడ కూడా గళ్లు, ఫ్రీజ్‌లు వస్తే విండోస్ నిర్దోషి.

ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ కూడా తెరవండి. డిస్‌ప్లే 4101 ఉంటే డ్రైవర్ స్పందించడం ఆపేసి తిరిగి లేచిందని. విండోస్ మామూలుగా రెండు సెకన్లు చూసి ఈ పని చేస్తుంది. కెర్నల్-పవర్ 41 ఉంటే సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాకుండానే ఆగిందని. ఆ 41 చూసి "పవర్ అని ఉంది కాబట్టి ఎస్ఎంపీఎస్సే" అనేయకండి, హ్యాంగ్ అయినప్పుడు మీరు బటన్ నొక్కి ఆపినా అదే వస్తుంది.

లోడ్ పెట్టి చూడండి

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ తెరిచి ఉష్ణోగ్రత, ఫ్యాన్ వేగం, క్లాక్ (చిప్ నడిచే వేగం) కనిపించేలా పెట్టుకోండి. లాగింగ్ ఆన్ చేయండి, క్రాష్ అయ్యాక చివరి వరస చదవడానికి. కార్డ్‌కి గట్టిగా పని పెట్టే యూనిజిన్ హెవెన్ అనే టెస్ట్ ఒక అరగంట తిప్పండి. చాలామంది నేరుగా ఇంకా ఎక్కువ లోడ్ పెట్టే ఫర్‌మార్క్ పెడతారు. పాత కార్డ్ మీద అది గంటల తరబడి నడపడం నాకు ఇష్టం లేదు. ఐదు నిమిషాలు చాలు, అదీ పక్కనే కూర్చుని.

వేడి గబగబా పెరిగి, క్లాక్ కిందికి జారుతూ, ఆ తర్వాత క్రాష్ అయితే దుమ్ము, ఫ్యాన్, ఎండిపోయిన పేస్ట్ చూడాలి. హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) చూపించే కొత్త కార్డ్‌లలో మామూలు ఉష్ణోగ్రతకీ దానికీ తేడా 30 డిగ్రీలు దాటితే పేస్ట్ మార్చే టైమ్ వచ్చినట్టే. ఆర్‌టీఎక్స్ 3080, 3090 లలో మెమరీ ఉష్ణోగ్రత కూడా చూడండి, 110 దగ్గర అది వేగం తగ్గించుకుంటుంది. ప్యాడ్‌లు మారిస్తే పాత మందమే వాడండి. మందం ఎక్కువైతే హీట్‌సింక్ చిప్‌కి ఆనదు.

వేడి మామూలుగా ఉండీ గళ్లు, మెరుపులు, క్రాష్‌లు వస్తే మెమరీ పరీక్ష పెట్టండి. ఓసీసీటీ అనే ప్రోగ్రామ్‌లో వీరామ్ (వీడియో మెమరీ) టెస్ట్ ఉంది, మెమ్‌టెస్ట్ వల్కన్ ఉచితం. కార్డ్ కంపెనీ వేగంలోనే ఉండగా ఒక్క ఎర్రర్ వచ్చినా మెమరీ బాగాలేనట్టే, "ఒకటే కదా" అనుకోవడానికి లేదు. ఆర్ఎక్స్ 580 లో 8 మెమరీ చిప్‌లు ఉంటాయి, ఒక్కోటి 1 జీబీ. ఒక్కటి చెడినా తెర అంతా పాడవుతుంది.

దీన్ని ఇంకా గట్టిపరిచే చిట్కా ఒకటి. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో మెమరీ క్లాక్‌ని 2000 నుంచి 1800 కి తగ్గించి అదే పరీక్ష మళ్లీ పెట్టండి. ఎర్రర్‌లు మాయమైతే మెమరీ బలహీనపడింది. మెమరీ క్లాక్‌ని మళ్లీ 2000 కి పెట్టి, కోర్ క్లాక్ 100 తగ్గిస్తే బాగైతే చిప్‌నో, దానికి కరెంటు ఇచ్చే భాగాన్నో అనుమానించాలి. తగ్గించి వాడుకుంటే సరిపోతుందిలే అనుకోవద్దు. బలహీనత అక్కడే ఆగదు, రేపు ఇంకా తగ్గించాల్సి వస్తుంది.

ఈ దశలో ఒకసారి బయోస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్) ఆపి, మెమ్‌టెస్ట్86 తో సిస్టమ్ ర్యామ్ కూడా చూసేయండి. ర్యామ్ ఎర్రర్‌లు కూడా గేమ్ క్రాష్‌ల్లాగే వేషం వేస్తాయి.

అన్నిటికంటే పెద్ద పరీక్ష

మీ కార్డ్‌ని వేరే మంచి సిస్టమ్‌లో పెట్టి చూడటం. అందుబాటులో స్నేహితుడు ఉంటే పైవన్నీ మానేసి ముందు ఇదే చేసినా తప్పు లేదు. కానీ రెండు వైపులా చేయండి. మీ కార్డ్ అక్కడ, వాళ్ల కార్డ్ ఇక్కడ. మీ కార్డ్ అక్కడా చెడి, వాళ్లది ఇక్కడ బాగా నడిస్తే కార్డ్‌దే తప్పు. మీ కార్డ్ అక్కడ బాగుండి, వాళ్లది ఇక్కడ చెడితే మీ సిస్టమ్‌ది. రెండూ రెండు చోట్లా బాగుంటే మొదట్లో కార్డ్ సరిగా కూర్చోలేదేమో. ఇక వేరే ఎక్కడ పెట్టినా మీ కార్డ్ బాగుండి, మీ సిస్టమ్‌లో మాత్రమే గంట తర్వాత పోతుంటే మళ్లీ ఎస్ఎంపీఎస్ దగ్గరికి వెళ్లండి. వాళ్ల కార్డ్ తక్కువ కరెంటు తాగేదైతే ఈ పోలిక చెల్లదు, అది గుర్తుంచుకోండి.

స్నేహితులెవరూ లేకపోతే షాపులో చూపించొచ్చు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట కౌంటర్ మీదే టెస్ట్ బెంచ్ ఉంటుంది, కొద్ది డబ్బుకి పెట్టి చూపిస్తారు. డెస్క్‌టాప్ రావడం చూసి "బాగుంది సార్" అంటే లేచి రాకండి. హెవెన్ ఒక ఇరవై నిమిషాలు తిప్పమనండి.

కార్డ్‌దే తప్పని తేలాక

టెస్టింగ్ వారంటీ ఉంటే కార్డ్ విప్పకండి, పేస్ట్ కూడా మార్చకండి. కొన్ని కంపెనీలు వారంటీని బిల్లుని బట్టి కాక సీరియల్ నంబర్‌ని బట్టి లెక్కిస్తాయి. స్టిక్కర్ చెక్కుచెదరకుండా ఉంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో కూడా ఒకసారి అడగండి.

వారంటీ లేకపోతే చిప్ లెవెల్ రిపేర్ చేసేవాళ్లని చూడాలి. ఒక మెమరీ చిప్, ఒక మాస్‌ఫెట్ (చిప్‌కి కరెంటు అందించే చిన్న భాగం), ఊడిన కెపాసిటర్ లాంటివి నిజంగా బాగవుతాయి. "రీబాలింగ్ (చిప్ కింద టంకం తీసి మళ్లీ వేయడం) చేస్తే కొత్తదైపోతుంది" అని మొదటి మాటగానే చెప్పేవాళ్ల దగ్గర జాగ్రత్త. ముందు ఏ చిప్ పోయిందో ఎలా తేల్చారో అడగండి, మెమరీ టెస్ట్ రిపోర్ట్ చూపించమనండి. నా లెక్కయితే, రిపేర్‌కి అడిగేది అలాంటి ఇంకో కార్డ్ ధరలో సగం దాటితే వదిలేస్తాను.

వీడియోల్లో చూపించే ఓవెన్ చిట్కా జోలికి పోవద్దు. లెడ్ లేని టంకం కరగడానికి 217 డిగ్రీలు దాటాలి. అంత వేడికి ఫ్యాన్ కనెక్టర్‌లు, కెపాసిటర్‌లు ముందు పోతాయి. కొన్నాళ్లు లేచి కూర్చున్న కార్డ్‌లు ఉన్నాయి, కానీ అవి మళ్లీ అదే జబ్బుతో పడుకుంటాయి. పైగా వంట చేసుకునే ఓవెన్‌లో ఆ పొగ.

తిరిగి పంపేటప్పుడు సీరియల్ నంబర్ స్టిక్కర్‌ని, కాంటాక్ట్‌లని, స్క్రూలని దగ్గరగా ఫోటోలు తీయండి. గళ్లు వస్తున్న వీడియోలో సిస్టమ్ ఆన్ చేయడం దగ్గర నుంచి బయోస్ స్క్రీన్ దాకా కట్ లేకుండా ఉండాలి, క్యాబినెట్ లోపల కార్డ్ కనిపించాలి. యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టి, ఫ్యాన్ రెక్కల మీద బరువు పడకుండా బబుల్ షీట్ చుట్టి, కార్డ్ కదలని సైజు పెట్టెలో పెట్టండి. అట్టపెట్టె మూసే క్షణాన్ని కూడా వీడియో తీసుకోండి, ఎందుకంటే కొరియర్‌లో విరిగిందా ముందే విరిగిందా అన్న వాదన తప్పకుండా వస్తుంది.